మూత చూశానా?

ఆ వేసవంతా మా ఇంట్లో అందరం అబద్ధాలాడాం. రోజూ ఆడాం, ఒకే మనిషితో ఆడాం, పైగా ప్రేమగా ఆడాం.

చలికాలంలో మామయ్యకి చిన్నగా పక్షవాతం తగిలింది. నోరు వంకర పోలేదు, నడక చెడలేదు. కుడిచెయ్యి మాత్రం కాస్త పట్టు తప్పింది, బరువెత్తితే వణికేది. దాంతోపాటు ఇంకో చిక్కు వచ్చింది. అప్పుడే చేసిన పని చేశారో లేదో ఆయనకి గుర్తుండేది కాదు. ముప్ఫై ఏళ్ళ కిందట విప్పిన ఇంజనులో ఏ బోల్టు మొండికేసిందో చెప్పగలరు. పావుగంట కిందట స్నానం చేశారో లేదో చెప్పలేరు. "కుళాయి కట్టానా?" "మాత్ర వేసుకున్నానా?" "షెడ్డుకి తాళం వేశానా?" అని అడుగుతుంటే ఆ ముఖంలో బెంగ చూడలేకపోయేవాళ్ళం.

డాక్టరేమో "ఆయన్ని కంగారు పెట్టకండి" అన్నాడు. ఆ ఒక్క ముక్క పట్టుకుని అత్తయ్య ఇంట్లో రూలు పెట్టేసింది. ఆయన ఏది చేశానా అని అడిగినా చేశారనే చెప్పాలి. వేశారు, కట్టారు, తాగారు. తర్వాత మనమే చప్పుడు చెయ్యకుండా వెళ్ళి చూసుకోవాలి. మొదట్లో అలాగే వెళ్ళి చూసుకునేవాళ్ళం. రానురాను చూడటం పోయి చెప్పడమే మిగిలింది.

నేను ఆయన కోడల్ని. అంతకన్నా ముఖ్యమైన సంగతి, ఆయన కార్లు బాగుచేసే షెడ్డులో సగం నాది. కార్ల సీట్లు కుడతాను. పెళ్ళయిన కొత్తలో ఊరికే కూచోలేక చిరిగిన సీటొకటి కుట్టిపెడితే, మామయ్య దాన్ని వెలుతుర్లోకి తీసుకెళ్ళి, కుట్టు పట్టుకుని లాగి చూసి, మర్నాడే ఎడమ గోడ పక్కన ఉన్న పాత టైర్లన్నీ తీయించి అక్కడ నాకు మిషను వేయించారు. "నేను చేసే పని ఎవరికీ కనబడదు. నువ్వు చేసేదే కనబడుతుంది. పరువు తియ్యకు" అన్నారు. అప్పట్నించీ ఆ గోడ నాది. అటువైపు ఆయన బండి కింద దూరితే ఇటువైపు నేను మిషను తొక్కుతుంటాను. రోజుకి పది మాటలు కూడా ఆడుకోం, కానీ ఆ పది మాటలూ లేకపోతే నాకు తోచదు.

మా ఆయన స్కూలు బస్సు నడుపుతాడు. వేసవి సెలవులంటే పిల్లల కంటే ముందు ఆయనకే. ఖాళీగా ఉన్న మనిషికి బెంగలెక్కువ. రోజూ షెడ్డుకొచ్చి, స్టూలేసుకుని, వాళ్ళ నాన్న చేతుల్నే చూస్తూ కూచునేవాడు. బోల్టు బిగించిన ప్రతిసారీ ఆయనగారి మెడ కూడా అటు తిరిగేది. సెలవులు మొదలైన మూడో రోజుకి ఇంక ఉండబట్టలేక కక్కేశాడు.

"నాన్నా, నువ్వు ఒక నట్టు బిగించడం మర్చిపోతే పోయేది ఎదుటివాడి ప్రాణం. ఒక మాట అనుకుందాం. బడి తెరిచేలోపు నువ్వు చేసిన బండి ఒక్కటి తిరిగొచ్చినా సరే, షెడ్డు మూసేద్దాం."

"ఒక్కటేనా? కొత్త బండి కూడా తిరిగొస్తుందిరా."

"సరే. ఒకే బండి మూడుసార్లు."

"కన్నతండ్రితో బేరాలా?"

"నీ దగ్గరే నేర్చుకున్నా."

ఇద్దరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. షెడ్డు మూస్తే నా మిషను ఎక్కడికి పోతుంది? ఇంట్లో ఉన్నవి రెండు గదులు, దాంట్లో కారు సీటు పడితే మనిషి పట్టడు. పోనీ నా సంగతి అలా ఉంచండి. పొద్దున ఏడింటికి తాళంచెవుల గుత్తి చేతిలోకి తీసుకోవడంతోనే మామయ్య మనిషవుతారు. ఆ గుత్తి లేని మామయ్య ఎలా ఉంటారో నేను ఊహించుకోలేకపోయాను. ఊహించడానికి భయం కూడా వేసింది.

ఆ వారమే లెక్కల టీచరమ్మ కారొచ్చింది.

ఆవిడ రిటైరై పదేళ్ళయింది. ఊళ్ళో సగంమంది చెవులు ఆవిడ చేతిలో మెలిపడ్డవే, మా ఆయన చెవితో సహా. ఆవిడ నీలం కారుకి నాకంటే వయసెక్కువ. గుండ్రటి దీపాలు, సన్నటి స్టీరింగు, తలుపు వేస్తే ఇనప్పెట్టె మూసిన చప్పుడు. పెట్రోలు పోసే చోటు కూడా బయట ఉండదు. డిక్కీ ఎత్తితే లోపల కుడివైపు మూలన ట్యాంకు మెడ, దానిమీద పిడికిలంత ఇనుప మూత. ఆ కాలంలో కొన్ని కార్లు అలాగే చేసేవాళ్ళట.

"మేస్త్రీ, బడులు తెరిచే ముందు వారం కొండ అవతల మా అక్క దగ్గరికి వెళ్తున్నాను. తొంభై కిలోమీటర్లు, అందులో సగం కొండెక్కడమే. ఇంజను నువ్వు చూడు, సీట్లు నీ కోడల్ని చూడమను" అంది.

"ఒక్కరేనా టీచరమ్మా?" అన్నారు మామయ్య.

"పక్క సీటు మనిషి పోయి ఆరేళ్ళయింది కదా. నేనే నడుపుతాను." నావైపు తిరిగింది. "ఏమ్మాయ్, ఈ కారులో వెనక సీటు ఎప్పుడూ పెట్రోలు కంపే. కొత్త గుడ్డకి ఆ వాసన పట్టిందో, విప్పి మళ్ళీ కుట్టిస్తా."

తొమ్మిది రోజులు కుట్టాను. బిస్కెట్ రంగు గుడ్డ, అంచుల వెంట ఉబ్బెత్తుగా నీలం పైపింగు. నా పనిని నేనే మెచ్చుకున్న సీట్లవి. బిగించిన మర్నాడు తలుపు తీసి ముక్కు పెడితే ఏముంది, ఘాటుగా పెట్రోలు వాసన. ఒళ్ళు మండిపోయింది. ఆ కోపంలోనే డిక్కీ ఎత్తి, కుక్కపిల్లలా వాసన చూసుకుంటూ వెళ్ళి మూత దగ్గర ఆగాను. మూత నడిమధ్య చిల్లు. సూదిమొన దూరేంత. ఎండకి ట్యాంకు వేడెక్కి అందులోంచి ఆవిరి వస్తోంది.

తుప్పు పట్టి చిల్లు పడిందనుకున్నాను. మామయ్య అప్పుడు వేరే బండి కింద ఉన్నారు. మిషను కాలు విరిగినప్పుడు అతకడానికి కొన్న సీలు ముద్దల జత నా డబ్బాలో ఉంది. రెండు ముద్దలూ కలిపి పిసికి, చిల్లులోకి నొక్కి, బొటనవేలితో నున్నగా రాశాను. పని వచ్చినదానిలా పైన కాస్త మసి కూడా పూశాను, అతుకు కనబడకుండా. గంటకల్లా రాయిలా గట్టిపడింది. వాసన పోయింది. ఇంత చిన్న పని ఎవరికి చెప్పుకుంటాం? చెప్పలేదు.

బండి తీసుకెళ్ళిన నాలుగో రోజు టీచరమ్మ ఫోను. ఊరి బయట పొలాల మధ్య కారు ఆగిపోయింది. అరగంట ఎండలో నిలబడితే మళ్ళీ దానంతటదే స్టార్టయిందట. షెడ్డుకొచ్చేసరికి ఆవిడ చీర వీపంతా తడిసిపోయి ఉంది.

"ఒకటి" అన్నాడు మా ఆయన మెల్లిగా. నేను కళ్ళెర్రజేస్తే నేల చూశాడు.

మామయ్య కంగారు పడలేదు. కారు చుట్టూ ఒకసారి తిరిగారు. డిక్కీ వైపు రెండడుగులు వేసి ఆగి, నావైపు చూశారు.

"అమ్మాయ్, మూత చూశానా?"

నేను తెగిన దారం సూదిలోకి ఎక్కించే తంటాలో ఉన్నాను. ఏ మూతో కూడా నాకు తెలీదు. "చూశారు మామయ్యా" అన్నాను, తలెత్తకుండానే.

"చూశాను కదా" అని తనలో తాను అనుకుని, వెళ్తున్నవారల్లా వెనక్కి తిరిగి బానెట్ ఎత్తారు.

ఆ రోజు కార్బొరేటర్ విప్పి, ఒక్కో గొట్టంలో గాలి ఊది, అరచేతి మీద పెట్టుకుని ముత్యాల్లా తుడిచి బిగించారు. వారం తిరక్కుండా మళ్ళీ వచ్చింది. ఈసారి మార్కెట్ నడిమధ్య ఆగిందట. వెనక ఉన్నవాళ్ళంతా హారన్లు కొడితే టీచరమ్మ దిగి "ఎవరి దగ్గర చదువుకున్నార్రా మీరంతా?" అని కేకలేసిందట. చెప్తూ నవ్వబోయింది. నేను మంచినీళ్ళిస్తే గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది.

"కొండ మీద ఇలా ఆగితే?" అని మామయ్యని అడిగింది. "వెనక లోయ, ముందు మలుపు. నాకు హ్యాండ్ బ్రేకు మీద నమ్మకం లేదు మేస్త్రీ. నీ మీదే ఉంది."

ఆ మాట మామయ్యకి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. మధ్యాహ్నం అన్నం తీసుకుని అత్తయ్య వచ్చేసరికి పెట్రోలు పంపు ముక్కలు ముక్కలుగా గుడ్డ మీద పరిచి ఉంది. ఎండకి గొట్టంలో పెట్రోలు ఆవిరైపోతోందేమోనని ఆ గొట్టానికి తడిగుడ్డ చుడుతున్నారు. ఉన్నట్టుండి చెయ్యి ఆపారు.

"మూత చూశానా?"

"చూశారు, చూశారు. ముందు చెయ్యి కడుక్కోండి, అన్నం చల్లారిపోతోంది" అంది అత్తయ్య. ఆవిడకి కారుకి ఎన్ని మూతలుంటాయో, అసలుంటాయో లేదో తెలీదు.

ఆయన నావైపు చూశారు. నేనూ తలూపాను.

ఆ సాయంత్రం కారులో పెట్రోలు తక్కువైందంటే నేనే డబ్బా తెచ్చి పోశాను. ఆయన చేతికి అంత బరువు ఆగదు. మూత తిప్పగానే లోపలికి 'స్స్' మని గాలి లాక్కున్న చప్పుడు వినిపించింది. ఎండకి బండి కూడా రొప్పుతోంది పాపం అనుకుని, పోసి, గట్టిగా బిగించాను. చెబితే ఎవరైనా నమ్ముతారా, నేను నవ్వుకున్నాను కూడా.

మూడోసారి టీచరమ్మ చేతిలో కాకుండా మన చేతిలోనే ఆగితే మంచిదని మా ఆయనే అన్నాడు. ఆదివారం పొద్దున ముగ్గురం బయల్దేరాం. ఆయన స్టీరింగు దగ్గర, పక్కన మామయ్య, వెనక నా సీటు మీద నేను. మామయ్య కళ్ళు మూసుకుని ఇంజను వింటున్నారు. పావుగంట, ఇరవై నిమిషాలు. బండి పట్టులా నడుస్తోంది. నాకు ఊపిరి తిరిగింది. మా ఆయన అద్దంలోంచి నన్ను చూసి కనుబొమలెగరేశాడు కూడా.

నది వంతెన ఎక్కుతుండగా బండి ఒక్కసారి వెనక్కి లాగినట్టయింది. మళ్ళీ ఓ కుదుపు. ఇంకోటి. ఆగిపోయింది. వెనకాలే లారీ. దాని ముందు భాగం అద్దం నిండా కనబడుతోంది, హారన్ నా వెన్నులో మోగుతోంది. మా ఆయన సీట్లోంచి లేచి బరువంతా బ్రేకు మీద వేశాడు. బండి అంగుళం వెనక్కి జారింది. నేను కొత్త సీటు గుడ్డ గోళ్ళతో చీరేశాను, ఆ చిరుగుకి తర్వాత వేరే ముక్కేసి కుట్టాల్సొచ్చింది.

లారీవాడు తిట్టుకుంటూ పక్కనించి వెళ్ళిపోయాడు. వేడెక్కిన ఇంజను టిక్కుటిక్కుమని చల్లారుతున్న చప్పుడు.

"మూడు" అన్నారు మామయ్య.

"ఇది లెక్కలోకి రాదులే నాన్నా. మనమే కదా నడిపాం."

"మూడేరా. నాకు అంతు పట్టట్లేదు." ఆయన నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు. అద్దంలో మా ఆయన ముఖం చూశాను. పందెం గెలిచినవాడి ముఖంలా లేదు. చిన్నప్పుడు చెవి మెలిపెట్టించుకున్న పిల్లాడి ముఖంలా ఉంది.

టీచరమ్మ ప్రయాణానికి ఇంకా ఆరు రోజులుంది. మర్నాడు మామయ్య షెడ్డుకొచ్చారు కానీ కారు జోలికి పోలేదు. పానాలన్నీ ఒక్కొక్కటీ తుడిచి, నూనె గుడ్డలో చుట్టి, పెట్టెలో పేరుస్తున్నారు. చిన్నవి అడుగున, పెద్దవి పైన. నేను చూడనట్టు మిషను ముందు కూచున్నాను. మిషను కిరకిరమంటోందని నూనె డబ్బా కొత్తది తీశాను. మూత మీద మేకుతో ఓ చిల్లు పొడిచి వంచాను. రెండు చుక్కలు పడి ఆగిపోయింది. ఊపాను. ఇంకో చుక్క. ఆగిపోయింది.

ఇరవై ఏళ్ళుగా ఆ డబ్బాలు వాడుతున్నాను. రెండో చిల్లు పొడవాలని నాకు తెలుసు, చెయ్యి దానంతటదే మేకు అందుకుంది. గాలి లోపలికి పోకపోతే నూనె బయటికి రాదు.

మేకు చేతిలో అలాగే ఉండిపోయింది.

సూదిమొనంత చిల్లు. పెట్రోలు తరుగుతుంటే ఆ ఖాళీలోకి గాలి పోయే దారి అదే. దాన్ని నా బొటనవేలితో నేనే మూసేశాను. 'స్స్' మన్న చప్పుడు. డబ్బా పోశాక బండి ఇరవై నిమిషాలు పట్టులా తిరగడం. అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. మామయ్య అటు తిరిగి పదహారో నంబరు పానా తుడుస్తున్నారు.

అప్పుడే లేచి చెప్పాల్సింది. చెప్పలేదు. ఆయన టీ తాగడానికి వెళ్ళినప్పుడు దబ్బనం తీసుకుని డిక్కీలో దూరి, మూతలోంచి ఆ ముద్దని పొడిచి పొడిచి ఊడబెరికాను. వేలు తెగింది. రక్తం తుడుచుకుని తేలు కుట్టిన దొంగలా వచ్చి మిషను ముందు కూచున్నాను. బండి నడుస్తుంది, మామయ్యే బాగుచేశారని అందరూ అనుకుంటారు, షెడ్డు ఉంటుంది, నా తప్పు నాతోనే పోతుంది. ఎంత తెలివైనదాన్నో చూడండి.

ఆ సాయంత్రం నేనే మా ఆయన్ని పోరు పెట్టి బండి బయటికి తీయించాను. గంటన్నర తిప్పాడు. వంతెన మీద రెండుసార్లు ఎక్కి దిగాడు. మర్నాడు కొండ మొదలు దాకా పోయి వచ్చాడు. ఎక్కడా దగ్గలేదు. ఎండలో చెమటలు కారుకుంటూ వచ్చి మామయ్య భుజాలు పట్టుకుని ఊపేశాడు.

"నాన్నా! నడిచింది! మూడూ లేదు ముప్ఫయ్యీ లేదు, పానాలు బయటికి తియ్యి!"

"ఏం చేశాను?" అన్నారు మామయ్య.

"అంటే?"

"నేను ఏం చేస్తే బాగయింది? చెప్పు."

మా ఆయన పట్టుకున్న భుజాలు వదిలేశాడు.

"దానంతటదే నడిచిన బండి దానంతటదే ఆగుతుంది. కొండ మీద ఆగుతుంది. ఏమో, నేనే ఏదైనా చేసి మర్చిపోయానేమో. అలాంటి చేతికి ఇంక బండి ఇవ్వకూడదు. టీచరమ్మ వచ్చినప్పుడు చెప్పేస్తాను, బస్సులో వెళ్ళమని. నువ్వన్నదే నిజంరా, మూసేద్దాం."

గొంతు పెంచలేదు, విసుక్కోలేదు. గుత్తిలోంచి షెడ్డు తాళంచెవి విడదీసి కొడుకు చేతిలో పెట్టారు. మా ఆయన దాన్ని జేబులో పెట్టుకోలేక, తిరిగి ఇవ్వలేక, పిడికిట్లో పట్టుకుని నిలబడ్డాడు. అంతా బాగు చేద్దామని నేను చేసిన ఘనకార్యం గోరుచుట్టు మీద రోకటిపోటయింది.

రెండు రోజులు అన్నం సహించలేదు. అత్తయ్య "ఏమైందే నీకు, వాంతులా?" అని ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆశగా అడిగింది. లేదంటే నిట్టూర్చి వెళ్ళిపోయింది. మూడో రోజు మధ్యాహ్నం, షెడ్డులో మామయ్య ఒక్కరే గోడకి తగిలించిన పాత బెల్టులు దించుతుంటే, వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"మామయ్యా, ఆ బండిని ఆపింది నేను."

ఆయన బెల్టు పట్టుకుని అలాగే చూశారు. మొత్తం చెప్పాను. వాసన, చిల్లు, సీలు ముద్ద, పైన పూసిన మసి, నూనె డబ్బా, దబ్బనం. ఏడవకూడదనుకున్నాను కానీ మసి దగ్గరికొచ్చేసరికి ఏడుపు ఆగలేదు.

"చిల్లు మూశావా" అన్నారు. "ట్యాంకు ఊపిరి తీసుకునే ముక్కు అది."

"తుప్పనుకున్నాను."

"బండి ఆగి ఆగి స్టార్టవుతోందంటే ఎవడైనా ముందు చూసేది ఆ మూతే. తిప్పగానే చప్పుడొస్తే చాలు, రోగం తెలిసిపోతుంది. మా గురువు నాకు మొదటి రోజు నేర్పింది అదే." అక్కడున్న టైరు మీద కూలబడ్డారు. "నువ్వు మూస్తే మూశావు. నేనెలా చూడలేదు? ఎలా మర్చిపోయాను అమ్మాయ్?"

చెప్పాల్సింది ఇంకొకటి ఉందని అప్పుడు తెలిసింది నాకు. మొదటిదానికన్నా ఇదే కష్టమైంది.

"మీరు మర్చిపోలేదు."

"మరి?"

"అడిగారు. మూత చూశానా అని నన్నే అడిగారు. నేను చూశారన్నాను."

"నేను చూడటం నువ్వు చూశావా?"

"లేదు."

"మరెందుకు అన్నావు?"

"అందరం అలాగే అంటాం మామయ్యా. చలికాలం నుంచీ. మీరు ఏదడిగినా చేశారనే అంటాం. మీరు కంగారు పడకూడదని."

మామయ్య చేతిలో ఉన్న బెల్టు పక్కన పెట్టారు. తిడతారనుకున్నాను, కొట్టినా పడేదాన్నే.

"ఎప్పుడడిగాను?"

"మొదటిసారి బండి వచ్చిన రోజే. డిక్కీ వైపు వెళ్తూ అడిగారు. నేను చూశారనగానే వెనక్కి తిరిగారు."

"మొదటి రోజే?"

"మొదటి రోజే. రెండోసారి వచ్చినప్పుడు మళ్ళీ అడిగారు. అత్తయ్య చూశారంది."

"అయితే అడిగానన్నమాట" అన్నారు. ముఖంలో ఏదో కదిలింది. "రెండుసార్లూ అడిగాను." మళ్ళీ మళ్ళీ తనలో తనే అనుకున్నారు ఆ ముక్క. తర్వాత ఒక్కసారిగా గొంతు లేచింది. ఆ కేక నేను ఆ ఇంట్లో అడుగుపెట్టాక ఎప్పుడూ వినలేదు. "నా బుర్రలో ఉన్న కాస్త తెలివినీ మీరే మూసేశారే! మసి పూసి మరీ మూసేశారు! చూడలేదని ఒక్కరంటే ఒక్కరు చెబితే వెళ్ళి చూసుకునేవాణ్ణి కదా, నాకు కాళ్ళు లేవా? కళ్ళు లేవా?"

"తప్పయింది మామయ్యా."

"తప్పే" అన్నారు. కాసేపటికి రొప్పు తగ్గింది. "మూత పట్రా. దబ్బనంతో పొడిచానన్నావుగా, ఎంత పెద్ద గొయ్యి చేశావో చూద్దాం."

తెచ్చిచ్చాను. వెలుతురుకి పట్టుకుని ఒక కన్ను మూసి చూశారు, ఇరవై ఏళ్ళ కిందట నా కుట్టు చూసినట్టే. సన్నటి తీగతో లోపల మిగిలిన ముద్ద గీకి, అంచులు నునుపు చేసి, నోట్లో పెట్టుకుని ఊదారు. గాలి సన్నగా ఈల వేసింది. చెయ్యి వణుకుతూనే ఉంది, తీగ మాత్రం చిల్లు దాటి పోలేదు.

సాయంత్రం మా ఆయనకి మామయ్యే చెప్పారు, నా పేరు దాచకుండానే. మా ఆయన నావైపు ఓ చూపు చూశాడు, ఆ చూపు గురించి ఇక్కడ రాయక్కర్లేదు. తర్వాత జేబులోంచి తాళంచెవి తీసి స్టూలు మీద పెట్టాడు. మామయ్య దాన్ని గుత్తికి ఎక్కించుకుంటుంటే చేతి పట్టు చాలక రెండుసార్లు జారింది. మేం ఇద్దరం ముందుకి వంగాం. "ఉండండి" అన్నారు. మూడోసారికి ఎక్కింది.

వెనక సీటుకీ డిక్కీకీ మధ్య నేను మందపాటి గుడ్డని రెండు పొరలు వేసి, అంచంతా రబ్బరు పెట్టి అడ్డు కుట్టాను. మొదటే చెయ్యాల్సిన పని అది. శనివారం పొద్దున టీచరమ్మ వచ్చి, తలుపు తీసి, డిక్కీ కూడా ఎత్తి, ముక్కు ఎగబీల్చింది.

"డిక్కీ తీస్తే మాత్రం ఇంకా వస్తోంది వాసన."

"వస్తుంది టీచరమ్మా, రావాలి" అన్నారు మామయ్య. "డిక్కీలో కాల్చేవీ మండేవీ పెట్టకండి. దారిలో బండి కుదిపిందనుకోండి, మూత ఒకసారి తిప్పి వదలండి. కుదపదు. కుదపకపోయినా చేరగానే ఫోను చెయ్యండి."

ఆవిడ వెళ్ళింది. మేం షెడ్డు వదిలి కదల్లేదు. రెండు గంటల దారికి మూడు గంటలయింది. మామయ్య ఒకే పానాని తుడిచిందే తుడుస్తున్నారు. నేను ఒకే అంచు కుట్టి విప్పి కుట్టాను. మా ఆయన కాలుగాలిన పిల్లిలా గుమ్మంలోకీ రోడ్డు మీదకీ తిరిగాడు. నాలుగో గంట మొదలయ్యాక ఫోను మోగింది.

"మేస్త్రీ, వచ్చేశాను. మధ్యలో చెరుకు రసం తాగడానికి ఆగాను, అందుకే ఆలస్యం. బండి ఆగలేదు, నేనే ఆగాను" అంది.

మామయ్య ఫోను నాకిచ్చి, గోడ వైపు తిరిగి, ముఖం తుడుచుకున్నారు. చేతిలో ఉన్నది నూనె గుడ్డని గమనించలేదు. ముక్కు మీద నల్లటి చారతోనే ఇంటికొచ్చారు.

ఆ పూట అందరం అన్నానికి కూచున్నాం. పళ్ళెంలో చెయ్యి పెట్టబోతూ ఆయన ఆగారు. బెంగ మళ్ళీ వచ్చి ముఖం మీద వాలింది.

"షెడ్డుకి తాళం వేశానా?"

"వే..." అని అత్తయ్య మొదలుపెట్టింది. బల్ల కింద ఆవిడ మోకాలు పట్టుకున్నాను. మా ఆయన నీళ్ళ గ్లాసు ఎత్తి దాని వెనక దాక్కున్నాడు. ముగ్గురిలో ఎవరో ఒకరు చెప్పాలి. అబద్ధం నాలుక చివర్న తయారుగా ఉంది, అలవాటైపోయింది కదా.

"తెలీదు మామయ్యా" అన్నాను. "నేను చూడలేదు."

ఆయన నన్ను ఒక్క క్షణం చూశారు. పళ్ళెం పక్కకి జరిపి, గుత్తి తీసుకుని, చెప్పులేసుకుని వెళ్ళారు. షెడ్డు వీధి చివరే, కానీ ఆ పది నిమిషాలు మాకెవరికీ ముద్ద దిగలేదు. చెప్పుల చప్పుడు తిరిగొచ్చింది. వచ్చి కూచుని, పళ్ళెం ముందుకి లాక్కున్నారు.

"వెయ్యలేదు" అన్నారు. "వేసొచ్చాను. కూర ఇటు జరుపు."